తొమ్మిది పిన్నుల నెమలి

మిల్లు మూతపడిన మూడో నెలకే మా ఇంట్లో నా స్థానం ఏమిటో తేలిపోయింది.

చిలకలూరిపేట హైవే పక్కన స్పిన్నింగ్ మిల్లులో పదిహేడేళ్ళు షిఫ్టు సూపర్‌వైజరుగా చేసినవాణ్ణి. నేను ఈల వేస్తే వందమంది తలెత్తి చూసేవారు. వెనక ‘బాబిన్ జక్రయ్య’ అనుకునేవారు, అది వేరే సంగతి. ఇప్పుడు ఇంట్లో నేను ఎంత గట్టిగా దగ్గినా మా ఆవిడ రెబ్కా తలెత్తదు. ఎత్తితే సూది తప్పుతుందట.

రెబ్కా పెళ్ళికి ముందు మిషన్ వాళ్ళ కుట్టు సెంటర్లో పని నేర్చుకుంది. మిషన్‌లో నేర్చుకుని మిషను పెట్టింది అని నేను ఒకసారి జోకు వేశాను. నవ్వలేదు. 2007 నాటికి మా ముందుగదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను, దాని పక్కన ఒక పాత కంప్యూటరు ఉండేవి. కంప్యూటర్లో ఉన్న డిజైను ఒక లావుపాటి తీగ గుండా మిషనుకు వెళ్ళేది. మిషను టకటకలాడుతూ జాకెట్టు ముక్కల మీద పూలు, హంసలు, నెమళ్ళు కుట్టేది.

చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరితే, ముందు అయ్యవారి దగ్గరికో పాస్టరు గారి దగ్గరికో వెళ్ళేవారు, ఆ తరవాత మా ఇంటికి వచ్చేవారు. వచ్చినవాళ్ళు నన్ను చూసి, "రెబ్కా గారి హస్బెండా? మేడం లోపలున్నారా?" అని చెప్పులు విడిచేవారు. పోస్టుమాన్ కూడా అంతే. నా పేరుతో వచ్చిన ఉత్తరం కూడా ఆవిడ చేతికే ఇచ్చి వెళ్ళేవాడు.

మగవాడి మనసు కదా, ఎక్కడో కాలింది. ఈ ఇంట్లో నాకు తెలిసి, ఆవిడకు తెలియనిది ఒక్కటైనా ఉండాలనుకున్నాను. అది కంప్యూటరు కావాలని తీర్మానించాను. నాకు కంప్యూటరు రాదన్న విషయం ఈ తీర్మానానికి అడ్డు రాలేదు.

కనిగిరిలో మా వదిన మనవరాలి బాప్తిస్మానికి రెబ్కా మూడురోజులు వెళ్ళింది. ఆ సందులో పాత కంప్యూటరును రిక్షాలో వేసుకుని ఇంటర్నెట్ సెంటర్ నడిపే ప్రేమదాసు దగ్గరికి వెళ్ళాను. వాడి నోట్లో నుంచి రెండు మాటలకొక మెగాబైటు ఊడి పడుతుంది కాబట్టి ఊళ్ళో వాడిని మెగాబైటు ప్రేమదాసు అంటారు. వాడు పాతది తీసుకుని, అందులోని డిజైన్లన్నీ ఎక్కించి, కొంచెం వాడిన ల్యాప్‌టాప్ ఒకటి చేతిలో పెట్టాడు. దానికి నల్ల సంచీ కూడా ఇచ్చాడు. ఆ సంచీ భుజాన వేసుకుని టీకొట్టు ముందు నుంచి మూడుసార్లు నడిచాను. ఎవరైనా ఏమిటని అడుగుతారేమోనని. నాలుగోసారి కొట్టువాడు, "ఏంటి జక్రయ్య గారూ, ఎల్‌ఐసీలో చేరారా?" అన్నాడు.

రెబ్కా ఊరి నుంచి వచ్చి గడపలో నిలబడి చూసింది.

"కంప్యూటర్ ఏది?"

"ఇదే."

"పుస్తకంలా ఉందేంటి?"

"పుస్తకంలాగే తెరవాలి. చదువుకున్నవాళ్ళ కోసం చేశారు."

"అందుకేనా మీరింకా తెరవలేదు? సరే, మిషను తీగ ఎక్కడ గుచ్చాలో చెప్పండి."

నేను ల్యాప్‌టాప్‌ను నాలుగు పక్కలా తిప్పాను, బోర్లించాను. తీగ మొహం వెడల్పుగా, తొమ్మిది రంధ్రాలతో, రెండు మరలతో ఉంది. ల్యాప్‌టాప్‌కు ఉన్నవన్నీ సన్నపాటి చీలికలు. ప్రేమదాసుకు ఫోను చేశాను.

"దీనికి సీరియల్ పోర్టు ఉండదు గురువుగారూ. కొత్తవాటికి తీసేశారు."

పోర్టంటే నాకు తెలిసింది చీరాల అవతల ఓడరేవు ఒక్కటే. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "సీరియల్ లేదంట" అన్నాను రెబ్కాతో.

"మీరు చేసే పనులుండగా ఇంట్లో వేరే సీరియల్ ఎందుకులెండి. పాతది వెనక్కి తెచ్చెయ్యండి."

అడిగాను. పాతదాన్ని ప్రేమదాసు అప్పటికే విప్పి ముక్కలుగా అమ్మేశాడు. మిగిలింది డబ్బా ఒక్కటేనని, అందులో వాళ్ళావిడ ఎండుమిరపకాయలు పోసిందని చెప్పాడు.

రెబ్కా కుర్చీలో కూర్చుంది. ప్రత్తిపాడు సుబ్బరావమ్మ గారి కూతురి పెళ్ళికి పన్నెండు రోజులుంది. ఆవిడ మిర్చి రైతు, ఆవిడ మాటకు ఆ ఊళ్ళో విలువెక్కువ. పెళ్ళి జాకెట్టు వీపు మీద పురి విప్పిన నెమలి కావాలని పట్టుముక్క ఇచ్చి వెళ్ళింది. బాగుంటే ఊరు ఊరంతా మా గుమ్మంలో ఉంటుంది. బాగాలేకపోతే మేము ఊరు దాటవలసి ఉంటుంది.

"దీనికో అడాప్టర్ ఉంటుందంట. ఒకవైపు ల్యాప్‌టాప్‌కి, ఒకవైపు నీ తీగకి. రేపే గుంటూరు వెళ్ళి తెస్తా" అన్నాను.

"తెలిసినవాళ్ళని అడిగి తీసుకోండి."

ఆ ఒక్క మాట నాకు కారంలా తగిలింది. తెలిసినవాణ్ణి నేనే కావాలన్నది కదా నా పథకం.

గుంటూరులో రసూల్ అనే ఆయన కొట్లో అడిగాను. ఆయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి బూడిద రంగుది. మొద్దు మొహంలో తొమ్మిది పిన్నులు, లావు తీగ, పక్కన రెండు మరలు. రెండోది నీలం రంగు గాజులా మెరుస్తోంది, కొట్లో కంప్యూటరుకు గుచ్చగానే లోపల ఎర్రలైటు మిణుకు మిణుకుమంది.

"ఏం పనికండీ?" అన్నాడు రసూల్.

మా ఆవిడ జాకెట్లకని చెప్పడానికి నోరు రాలేదు. "ఇండస్ట్రియల్ యూజ్" అన్నాను.

"అయితే ఈ బూడిదది తీసుకోండి. లోపల మంచి చిప్పు ఉంది."

"నీలందానికేమైంది?"

"ఏం కాలేదండీ. లైటు వెలుగుతుంది. అంతవరకు నాది పూచీ."

పదిహేడేళ్ళు మిల్లులో యంత్రాలు చూసినవాడికి ఒకడు సలహా ఇవ్వడమేమిటి? నీలందే తెచ్చాను.

దానితో పాటు అరచేతిలో సగమున్న సీడీ ఇచ్చారు. అందులో డ్రైవరు ఉంటాడట. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఆ డ్రైవరు లేవలేదు. లేచాక అడాప్టర్ ఏడో నంబరు పోర్టులో కూర్చుంది. మా ఎంబ్రాయిడరీ ప్రోగ్రాముకు నాలుగు దాటితే లెక్క రాదు. ప్రేమదాసు వచ్చి మూడు చేసి వెళ్ళాడు. మర్నాడు నేను పక్క చీలికలో గుచ్చితే ఎనిమిదయింది.

"కాపురం నిలవని పిల్లలా ఇదేంటండీ, పూటకో ఇంట్లో ఉంటుంది?" అంది రెబ్కా.

చివరికి ఒక చిన్న పువ్వు కుట్టింది. అయిదు రేకులూ వచ్చాయి. నేను వెంటనే సంచీ భుజాన వేసుకుని టీకొట్టుకు వెళ్ళాను.

మర్నాడు పాతగుడ్డ మీద హంస మెడ దగ్గర ఆగిపోయింది. వోల్టేజ్ అన్నాను. ఆ తరవాత మామిడిపిందె తోక సరళరేఖలో గుడ్డ అంచు దాకా పోయింది. దారం నాసిరకమన్నాను. మూడోరోజు పూలతీగ ఒకటి ఆకులు లేకుండా వచ్చింది. ఎండాకాలం అన్నాను.

రెబ్కా ఆ గుడ్డముక్కలన్నీ వరసగా బల్ల మీద పరిచి చూసింది. "మొన్నటిదాకా ఇదే కరెంటు, ఇదే దారం. మారింది ఒకటే."

"ల్యాప్‌టాప్‌ని అంటున్నావా?"

"మిమ్మల్ని అన్లేదులెండి."

అలా అననప్పుడే ఎక్కువ తగులుతుంది.

పెళ్ళి ఆరురోజులుందనగా ఆవిడ పొద్దున్నే తయారై, ఎంబ్రాయిడరీ తీగ చుట్టి సంచీలో పెట్టబోయి, మళ్ళీ తీసి దాని మొహాన్ని కాగితం మీద అచ్చు గీసుకుంది. "గుంటూరు వెళ్తున్నా, జరీ దారం తేవాలి. నేనొచ్చేదాకా సుబ్బరావమ్మ గారి పట్టుముక్క ముట్టుకోకండి" అని బస్సెక్కింది.

ముట్టుకోవద్దని చెప్పకపోతే ముట్టుకునేవాణ్ణి కాదు. ఆవిడ వచ్చేసరికి నెమలి పూర్తయి ఉంటే? ఆ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూనే పట్టుముక్కను ఫ్రేముకు బిగించాను. నీలం తీగ గుచ్చాను. ఎర్రలైటు వెలిగింది. మిషను కదిలింది.

కాళ్ళు వచ్చాయి. కడుపు వచ్చింది. పురిలో సగం కళ్ళు చక్కగా వచ్చాయి. నాకు నిజంగా కన్నీళ్ళొచ్చాయి. మిల్లు మూశాక మొదటిసారి నా చేతి కింద ఒక యంత్రం నా మాట వింటోంది.

సరిగ్గా అప్పుడే సుబ్బరావమ్మ గారు ఆటో దిగింది. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చిందట. నేను కుర్చీ వేసి, "కూర్చుని చూడండి" అన్నాను దర్జాగా.

ఆవిడ కూర్చోగానే సూది ఒక్క గెంతు గెంతింది. మెడ రావలసిన చోట వదిలేసి, చంక రావలసిన చోటికి పోయి అక్కడ తల కుట్టడం మొదలుపెట్టింది. తల అయ్యాక ముక్కు. ముక్కు అయ్యాక అదే ముక్కు మళ్ళీ. మళ్ళీ అదే ముక్కు. నేను ఒక్కో మీటా నొక్కాను. నీలం తీగ పీకాను. పీకినా మిషను పాత ముక్కునే పొడుస్తోంది. చివరికి గోడ మీద స్విచ్చి కట్టేశాను. పట్టుకు బొటనవేలంత కన్నం పడింది.

సుబ్బరావమ్మ గారు లేచి వంగి చూసింది.

"ఏమయ్యా, నెమలి తల చంకలోకి పోయిందేంటి?"

"కొత్త మోడలండీ. సిగ్గుపడే నెమలి."

"దానికన్నా సిగ్గుంది."

ఆవిడ ఆగలేదు.

"ఆ పిల్ల రెక్కలు ముక్కలు చేసుకుని పేరు తెచ్చుకుంది. పేట దాటి పదూళ్ళు ఆమె చెయ్యి అంటే నమ్ముతున్నాయి. మధ్యలో నువ్వెవరివయ్యా మిషను ముట్టుకోడానికి?"

ఇంటి యజమానిని అందామనుకున్నాను. ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడ కూర్చునే చోటు లేక వెనక్కి పోయింది.

రెబ్కా మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. గడపలోనే అంతా అర్థమైంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నన్ను దాటుకుని వెళ్ళి సుబ్బరావమ్మ గారికి మంచినీళ్ళు ఇచ్చింది.

"పెద్దమ్మగారూ, తప్పు మా ఇంట్లో జరిగింది. చీర లోపలి కొస నుంచి అరమీటరు తీద్దాం. కట్టుకుంటే అది కుచ్చిళ్ళ అడుక్కి పోతుంది, కనపడదు. ఈపూటే మీ కళ్ళ ముందే కుట్టి చూపిస్తా. నచ్చకపోతే అప్పుడు తిట్టండి."

"నిన్నెందుకు తిడతానమ్మా" అని ఆవిడ నా వైపు చూసింది. నెమలి రంగులతో సరిచూద్దామని తెచ్చిన పెళ్ళిచీర ఆవిడ సంచీలోనే ఉంది.

రెబ్కా తన సంచీలో నుంచి అడాప్టర్ తీసింది. అదే బూడిద రంగుది, మొద్దు మొహంది. తీగకు తగిలించి, చిన్న స్క్రూడ్రైవర్‌తో రెండు మరలూ బిగించింది. నీలందానికి మరలు ఉండవలసిన చోట బొమ్మ మరలున్నాయని నేను అప్పుడు చూశాను.

"ఇదే మంచిదని ఎట్లా తెలిసిందమ్మా?" అడిగింది సుబ్బరావమ్మ గారు.

"నాకేం తెలుసండీ. కొట్టాయన్ని ఒక్కటే అడిగాను. మిర్చియార్డులో, జిన్నింగ్ మిల్లుల్లో లారీ కాటాలు నడిపేవాళ్ళు మీ దగ్గర ఏది కొంటారు అని. కాటాకి కూడా ఇట్లాంటి తీగే కదా. ఈ బూడిదది కొంటారు, కొన్నాక మళ్ళీ కొట్టు మొహం చూడరు అన్నాడు. కాటా ఒక్క కిలో తప్పినా మీరు ఊరుకుంటారా?"

"కాటా వాడి చొక్కా చింపుతాం."

"అందుకే. మీ చేత చొక్కా చింపించుకోకుండా బతుకుతున్నవాళ్ళు నమ్మింది నేనూ నమ్మాను. అయినా పెద్ద డిజైనులో ఒక్క కుట్టు తప్పినా వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాయించుకున్నా."

మరలు సరిచూస్తూ రెబ్కా ఇంకో మాట అంది. "మొన్నొకాయన ఇండస్ట్రియల్ యూజని చెప్పి, లైటు బాగుందని నీలంది తీసుకెళ్ళాడమ్మా అన్నాడాయన. పాపం, ఎవరో ఏమోనన్నాను."

పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది. నన్ను ఎరగనట్టు ఆవిడ బయట చెప్పడం అదే మొదటిసారి. సుబ్బరావమ్మ గారు నవ్వింది. నేనూ నవ్వబోయాను, కుదరలేదు.

మిషను గంటన్నర ఆడింది. మెడ మెడ దగ్గరే వచ్చింది. తల దాని మీదే నిలబడింది. సుబ్బరావమ్మ గారు నెమలి మీద అరచెయ్యి పెట్టి నిమిరి, తన రెండో కూతురికి, మేనకోడలికి కూడా జాకెట్లు ఇక్కడేనని అప్పుడే మాట ఇచ్చి వెళ్ళింది. ఆవిడ ఆటో ఎక్కేదాకా రెబ్కా నవ్వుతూనే ఉంది. లోపలికి వచ్చాక కన్నం పడిన పట్టుముక్కను మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది. మూడురోజులు అన్నం పెట్టింది, కూర పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

నాలుగోరోజు రసూల్ ఫోను చేశాడు. నాకు కాదు. కనిగిరిలో, నరసరావుపేటలో ఇలాగే ల్యాప్‌టాప్‌లు కొనుక్కుని తీగ కలవక కూర్చున్న కుట్టుకొట్లు చాలా ఉన్నాయట. "అమ్మా, మీరు వెళ్ళి కలిపి, ఆడించి చూపిస్తే వాళ్ళే మీకు డబ్బులిచ్చుకుంటారు. అడాప్టర్లు నేనిస్తాను" అన్నాడట. రెబ్కా మిషను మాన్యువల్ ఇంకోసారి మొదటి నుంచి చివరిదాకా చదివి, సరేనంది.

ఇప్పుడు వారానికి నాలుగురోజులు ఆవిడ పొద్దున ఏడింటి బస్సుకు వెళ్తుంది. ల్యాప్‌టాప్ నల్లసంచీ ఆవిడ భుజానే. ఇంట్లో మిషనుకు ఇంకో కంప్యూటరు కొంది, మరలున్న అడాప్టర్‌తో సహా. నేను దాని దగ్గర కూర్చుంటాను. రంగు మారినప్పుడల్లా మిషను ఆగుతుంది. పాత దారం తీసి కొత్త దారం ఎక్కించాలి. దారం, కత్తెర, గోడ మీది స్విచ్చి, ఈ మూడూ ముట్టుకోవడానికి నాకు అనుమతి ఉంది. కీబోర్డు మీద గుడ్డ కప్పి వెళ్తుంది.

మొన్న ఆకుపచ్చ దారం ఎక్కిస్తుండగా ఫోను మోగింది. ఒంగోలు నుంచి ఎవరో మగగొంతు.

"రెబ్కా మేడం ఉన్నారా అండీ?"

"క్యాంపుకి వెళ్ళారండి."

"మీరెవరు?"

మిషను ఆగి ఉంది, దారం చేతిలో ఉంది. "ఇక్కడ మిషను దగ్గర ఉంటానండి. రంగులు మారుస్తాను."

"అట్లాగా. మాకూ రెండు మిషన్లున్నాయండీ, రంగులు మార్చడానికి నిలకడైన మనిషి దొరకట్లేదు. మీరేమైనా వస్తారా? నెల జీతం ఇస్తాం, భోజనం మాదే."

మిల్లు మూశాక నన్ను పనికి రమ్మని పిలిచిన మొదటి మనిషి. సూది వైపు చూశాను, గుడ్డ కప్పిన కీబోర్డు వైపు చూశాను.

"మేడంని అడిగి చెప్తానండి" అన్నాను.