పాస్‌వర్డు తెలియని ఆపరేటరు

మన పట్టణ నీటి పంపులకు అభేద్యమైన భద్రత కల్పించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

ముఖ్య ఇంజినీరుగారు ఇంట్లో కూర్చునే పంపులు నడిపేందుకు వీలుగా వాటిని ఇంటర్నెట్టుకు కలిపించారు. పాస్‌వర్డు 1234. మార్చకపోతే కొంప మునుగుతుందని పైనుంచి ఉత్తరం వచ్చింది. మార్చడమంటే మాటలా? సంఘం వేశారు. నీళ్లు అందరివీ కాబట్టి పాస్‌వర్డునూ అందరూ కలిసే ఎన్నుకోవాలని సంఘం నాలుగుసార్లు కూర్చుని తేల్చింది. నలభై వేలమంది ఓట్లేశారు. నెగ్గిన మాటను ప్రతి కూడలిలోనూ బోర్డుమీద రాయించి కట్టించారు. భద్రత దృష్ట్యా ఆ మాట ఇక్కడ రాయడం లేదు.

"ఇది పరమ రహస్యం!" అన్నారు ఇంజినీరుగారు సభలో. "దొంగ చేతికి తాళాలివ్వడం తప్పే. కానీ ఊరందరికీ ఇచ్చేస్తే ఇక దొంగ గొప్పేముంది? ఎవరూ ఎవరికీ చెప్పకండి. మరిచిపోతే బోర్డు చూసుకోండి!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

పంపుహౌసు ఆపరేటరుకు మాత్రం చెప్పలేదు. రహస్యాలు తెలుసుకునే హోదా ఆయనకు లేదట. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో చిన్న మచ్చయినా లేని మనిషి. బోర్డు ఎదురైతే సైకిలు దిగి, తల వంచుకుని నడిచిపోయేవాడు.

సోమవారం ఉదయం ఏడున్నరకు, ఊరంతా సబ్బు నురగలో ఉండగా, పంపులు ఆగిపోయాయి. మళ్లీ నడపాలంటే కంప్యూటరు పాస్‌వర్డు అడుగుతోంది. అంతలో ఆపరేటరుకు భార్య ఫోను చేసింది.

"ఏమండీ, తలకి షాంపూ పెట్టుకున్నాను. కళ్లు మండిపోతున్నాయి, పంపు వెయ్యండి!"

"పాస్‌వర్డు తెలీదే."

"ఓస్, అదేనా? చెప్తా, కొట్టండి..."

"వద్దు, చెప్పకు! వింటే నా ఉద్యోగం పోతుంది!"

"వినకపోతే నా కళ్లు పోతాయి!"

ఆయన ఫోను బల్లమీద పెట్టి రెండు చెవులూ మూసుకున్నాడు. పాపం, ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నిజంగా జాలేసింది.

కళ్లలో సబ్బు పడి, పంపులు నడిపే ఫోను కనబడక, ఇంజినీరుగారు తువ్వాలుతోనే పంపుహౌసుకు పరుగెత్తుకొచ్చి పాస్‌వర్డు కొట్టారు. నీళ్లొచ్చాయి. వెనకే ఉత్తర్వూ వచ్చింది: "పట్టణంలో పసిపిల్లలకు సైతం తెలిసిన రహస్యాన్ని తెలుసుకోకుండా విధుల్లో నిర్లక్ష్యం వహించినందున ఆపరేటరును సస్పెండు చేయడమైనది."

పంపులు ఆపింది పరాయి దేశపు గూఢచారులని ముందు అనుకున్నారు. కంప్యూటరు లెక్క తీస్తే, ఆ ఉదయం లోపలికి దూరినవాళ్లు పదకొండు వేలమంది, అందరూ మనవాళ్లే. అందరిదీ ఒకటే వాంగ్మూలం: "ఊరికే, పనిచేస్తుందో లేదో చూద్దామని." అంతమందిని శిక్షించడం కుదరదు గనుక ఫైలు మూసేశారు. ఆపరేటరు సస్పెన్షను మాత్రం అలాగే ఉంది.

ఆ పదకొండు వేల పేర్లూ పారదర్శకత కోసం అవే బోర్డులమీద అంటించారు. వెళ్లి చూసుకోండి. నా పేరు కిందే మీదీ ఉంది.