ఈగ తలలో గురులఘువులు

పండ్ల ఈగలు ఇంటికి పట్టిన పీడ అనేవారితో నేను బొత్తిగా ఏకీభవించను. అవి వరం! మా అరటిపండ్ల చుట్టూ వాటి ప్రదక్షిణ లేని పూట నాకు జపమైనా కుదరదు.

ఈ వరప్రదాత్రి నా మనవరాలు. ల్యాబులో వేల ఈగలను సీసాలలో పెంచుతుంది. కొన్ని ఆమె సంచిలో దాగి మా ఇంటికి వేంచేస్తాయి. ఎదిగే ఈగ న్యూరాన్లలో మైటోకాండ్రియా అనే శక్తికణికలు ఉంటాయట. అవి పొడవుగా సాగాలా, గుండ్రంగా ముడుచుకోవాలా అన్నది ఒకానొక జీను శాసిస్తుందట. ఆ శాసనాన్ని చదవడమే ఆమె తపస్సు.

భోజనాల బల్ల దగ్గర కూడా ఫోనులో ఆ కణికలనే చూస్తుంది. నేను పలకరిస్తే "ఊ" అంటుంది. ఛందస్సు లెక్కలో ఒకే ఒక్క గురువు! ఇంతటి క్లుప్తత ఏ మహాకవికి సాధ్యం?

ఒకనాడు మూడు వందల ఫోటోలు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతయ్యా, పొడుగ్గా ఉంటే ఒక గుర్తు, గుండ్రంగా ఉంటే ఇంకో గుర్తు పెట్టు. ఏ ఫోటో ఏ ఈగదో తెలియనివాళ్ళే చూడాలి."

"నాకేం తెలుసమ్మా ఇవన్నీ?"

"అందుకేగా నిన్నడిగేది!"

డెబ్బై ఏళ్ళ పాండిత్యానికి దక్కని సన్మానం నా అజ్ఞానానికి దక్కింది!

పొడవైనది గురువు, పొట్టిది లఘువు. అలవాటైన చేయి ఊరుకుంటుందా? గురువుకు గిన్నెలాంటి వంపు గీత, లఘువుకు నిటారు గీత పెట్టి ఇచ్చాను. ల్యాబువారికి ఛందస్సు రాదు. నిటారు గీత పొడవనీ, వంపు గీత గుండ్రమనీ చదువుకున్నారు. ఇంకేముంది, జీను చెడిన ఈగలకే చక్కని పొడుగాటి కణికలు! ప్రొఫెసరు ఉప్పొంగిపోయి, ఆ ఫలితాన్ని శుక్రవారం సభలో చదవమన్నారట.

బుధవారం మనవరాలు సుడిగాలిలా వచ్చింది.

"ఏం చేశావు తాతయ్యా! అనుమానమొచ్చి ఒక ఫోటో తీసి చూశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎల్లుండి అందరిముందూ నా పని అయిపోయేది!"

"గుర్తులు తారుమారు చేసుకుంటే చాలదా?"

"చాలదు. ఎక్కడ ఏం పెట్టావో ఎవరు నమ్ముతారు? మొదటినుంచీ నువ్వు నోటితో చెప్పు, నేను రాసుకుంటా."

రెండు రోజులు నా పక్కనే కూర్చుంది. ఫోను ముట్టలేదు. "అయితే ఈ జీను పోతే పద్యమంతా లఘువులే అన్నమాట!" అని నవ్వింది. అప్పుడు కిందపడిన ఫోటో కోసం వంగి, అక్కడే ఆగిపోయింది.

"నీ మోకాలు ఇలా గుండ్రంగా వాచి ఎప్పటినుంచి ఉంది తాతయ్యా?"

ఆరు నెలలనుంచి, అన్నాను. ఈగ న్యూరాను కన్నా కాస్త పెద్దదే కదా, కనబడిందన్నమాట!

శుక్రవారం సభ దిగ్విజయం. వచ్చే నెల మరో జీను, ఐదు వందల ఫోటోలు. ఈసారి పొడవుకు టిక్కు, గుండ్రానికి ఇంటూ అని కాగితం మీద రాసి నా బల్లకు అంటించింది.

తప్పక పాటిస్తాను. కాకపోతే, ఆ కాగితం నిన్నటినుంచి కనబడటం లేదు. బహుశా ఈగలు ఎత్తుకుపోయి ఉంటాయి.