గోల్కొండకు వెళ్లిన మురుగు కాలువ

అరవై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో రేపల్లె దగ్గర మురుగు కాలువ పూడిపోయి చేలు మునిగాయి. పంచాయతీ సమితి ప్రెసిడెంటు బసవేశ్వరరావుగారు చలించిపోయి, వెంటనే గోల్కొండ యాత్ర ప్రకటించారు.

"కొండ మీదికి నీళ్లెక్కించిన నవాబులండీ వాళ్లు! మనం పల్లానికి దించలేమా? స్టడీ చేసొద్దాం," అన్నారు. ఆ దూరదృష్టికి ముగ్ధులై సభ్యులందరూ పెట్టెలు సర్దుకున్నారు.

రైతు ప్రతినిధిగా ముత్తయ్యను రైలెక్కించారు. అతని మూడెకరాల నాట్లూ నీళ్లలోనే ఉన్నాయి. వారంలోగా నీరు తియ్యకపోతే కుళ్లిపోతాయి. "ప్రెసిడెంటుగారి పక్కనే ఉంటావుగా, కాలువ తవ్వకానికి ఆర్డరు వేయించుకునిగానీ రాకు," అని భార్య అంకమ్మ గట్టిగా చెప్పి పంపింది.

రైల్లో అడగబోతే ప్రెసిడెంటుగారు నిద్రపోతున్నారు. హోటల్లో అడగబోతే బిర్యానీ తింటున్నారు. ప్రజాసేవలో ఆయనకు తీరికెక్కడిది! కుతుబ్‌షాహీ సమాధులు చూసినప్పుడు మాత్రం కాసేపు ఆగారు. అంతమంది రాజులు ఒక్క అభ్యంతరమూ చెప్పకుండా పడుకోవడం ఆయనకెంతో నచ్చింది.

కోట ముఖద్వారం కింద గైడు చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కొండ మీదికి వినిపిస్తుందన్నాడు. ప్రెసిడెంటుగారు బృందంతో పైకెక్కారు. మోకాళ్ల నొప్పుల ముత్తయ్య కిందే ఉండిపోయాడు. ఇంతకంటే మంచి అదను దొరకదనిపించింది.

"అయ్యా! చేను కుళ్లిపోతోందండీ! కాలువ తవ్వించండీ!" అని గొంతు చించుకున్నాడు. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు.

"మాటలు పైకి వెళ్లవు పెద్దాయనా, చప్పట్లే వెళ్తాయి," అన్నాడు గైడు.

పాపం, ముత్తయ్య ప్రాణం పెట్టి చప్పట్లు కొట్టాడు. పైన ప్రెసిడెంటుగారు పొంగిపోయి రుమాలు ఊపారు. కింద సమితి ఫోటోగ్రాఫరు క్లిక్‌మనిపించాడు.

తిరిగొచ్చిన మూడోనాడు ముత్తయ్య డ్రైనేజీ ఆఫీసుకు పరిగెత్తాడు. సూపర్‌వైజరు రాజారత్నం ఫైలు విప్పి చూపించాడు. అందులో ప్రెసిడెంటుగారి రిపోర్టు, దానికి గుచ్చిన ఫోటో ఉన్నాయి. ఫోటో కింద 'కాలువ పని పూర్తయినందుకు హర్షం వెలిబుచ్చుతున్న రైతు' అని టైపు కొట్టి ఉంది.

"ఇది నువ్వేనా ముత్తయ్యా?"

"నేనేనండి."

"చేతులు నీవేగా?"

"నావేనండి. కానీ బాబూ, చేలో మోకాటి లోతు నీళ్లున్నాయండి. ఇవాళో రేపో నాట్లు పోతాయండి."

రాజారత్నం మంచివాడు, కాదనలేదు. కళ్లజోడు పెట్టుకుని, ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఈ మూల నుంచి ఆ మూలకు శ్రద్ధగా వెతికాడు.

"ఒక్క చుక్క కూడా కనపడటం లేదయ్యా," అన్నాడు.