నోలీన్ వెనక పదకొండు కారవాన్లు

సైకిళ్ళ మీద బయలుదేరిన మూడో రోజు పొద్దున్నే, సముద్రపొడ్డు ఊరు బిషెనోలో గుడారం మడుస్తూ డెస్ ఆ రోజు కార్యక్రమం చెప్పేశాడు. "స్వాన్సీ నలభై మూడు కిలోమీటర్లు. పన్నెండుకల్లా చేరిపోతాం. బేకరీలో చెరో 'పై', అదే ఆల్చిప్పల మాంసం కూరిన రొట్టె, తినేసి, సముద్రంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుందాం."

"ఇద్దరం కలిసేనా?" అంది నోలీన్.

"మరి? మూడో మనిషెవరున్నారు?" అంటూ అతను సైకిలెక్కాడు.

అప్పటినుంచి ఆమెకు కనిపించింది పసుపు చొక్కా వేసుకున్న అతని వీపు మాత్రమే. అది మొదట అరచెయ్యంత ఉండేది, తరవాత ఆవగింజంతయ్యేది, ఆపైన మలుపులో మాయమయ్యేది. ప్రతి మిట్ట మీదా డెస్ ఆమె కోసం ఆగేవాడు, నిజమే. కానీ ఆమె రొప్పుతూ పైకి చేరేసరికి అతను నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, "వచ్చావా? పద" అని కదిలిపోయేవాడు. ఉద్యోగాలు మానేశాక ఇద్దరూ కలిసి గడపాలని పెట్టుకున్న ప్రయాణం ఇది. ఇంట్లో అయితే గోడ అవతల అతను దగ్గడమైనా వినిపించేది. స్వాన్సీలో రెండు గంటలకు హోబార్ట్ బస్సుంది. అందులో ఇంటికి వెళ్ళిపోదామని నోలీన్ మనసులో అనుకుంది. ఆ మాట చెప్పడానికి అతను దగ్గరుంటే కదా!

పదిన్నరకు ఆమె రోడ్డు పక్క ఇనుప కడ్డీ మీద కూర్చుని అరటిపండు తింటుంటే ఒక కారు వచ్చి ఆగింది. అది లాగుతున్న చక్రాల ఇంటి, అంటే కారవాన్, వెనక 'వెర్న్, థెల్మా, ఛానల్ 40' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కారవాన్ల వాళ్ళు రోజంతా ఆ రేడియో ఛానల్లో ఒకరితో ఒకరు కబుర్లాడుకుంటూ పోతారు.

థెల్మా అద్దం దించింది. "ఒక్కదానివే పోతున్నావా తల్లీ?"

"లేదండీ, మా ఆయన ముందున్నాడు."

"ఎంత ముందు?"

"ఏమో. తెలీదు."

మూడు రోజుల్లో ఆమెను ఒక మనిషి వరసగా రెండు ప్రశ్నలు అడగడం అదే మొదటిసారి. నోలీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరటిపండు గొంతుకు అడ్డం పడిందని చెబుదామనుకునేలోపే థెల్మా రేడియో అందుకుంది.

"అందరూ వినండర్రా. ఇక్కడో ఆవిణ్ణి మొగుడు నడిరోడ్డు మీద వదిలేసి పోయాడు. పసుపు చొక్కా. చూసినవాళ్ళు చెప్పండి."

"వదిలెయ్యలేదండీ..."

"వాణ్ణి వెనకేసుకు రాకు తల్లీ. మా చెల్లెలూ ఇలాగే అనేది."

రేడియో గరగరలాడింది. "పసుపు చొక్కా నా ముందే పోతున్నాడు. ఈల వేసుకుంటూ!"

"ఈలా!" నాలుగు గొంతులు ఒకేసారి అన్నాయి.

"నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు."

"సిగ్గులేని మనిషి. స్వాన్సీలో ఎవత్తో ఉండుంటుంది."

స్వాన్సీలో డెస్ కోసం ఎదురుచూసేది ఆ ఆల్చిప్పల 'పై' ఒక్కటేనని నోలీన్ అంది. ఎవరికీ వినిపించలేదు.

కారెక్కమంటే ఆమె ఎక్కనంది. ఎక్కితే అతను తనను నిజంగానే వదిలేసినట్టవుతుందని ఆమె భయం. "అయితే నీ వెనకే వస్తాం. నిన్ను ఒంటరిగా వదలం" అంది థెల్మా. థెల్మా మొగుడు వెర్న్ గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో నోలీన్ వెనక కారు నడపసాగాడు. ఆ దారిన వచ్చిన కారవాన్ల వాళ్ళంతా సంగతి రేడియోలో విని, దాటిపోకుండా లైట్లు వేసుకుని వరసలో చేరారు. ఐదు కిలోమీటర్లలో పదకొండు కారవాన్లయ్యాయి. అంతమంది తోడు వస్తున్నా నోలీన్‌తో మాట్లాడేవాళ్ళు లేరు. అందరూ ఆమె గురించి మాట్లాడుకుంటున్నారు.

ముందు నుంచి కబురొచ్చింది. "పట్టుకున్నాం. పెళ్ళాం ఏదయ్యా అంటే వెనకాల వస్తోంది అంటున్నాడు."

థెల్మా పళ్ళు కొరికింది. "వస్తోందా? మేం తీసుకొస్తున్నామని చెప్పు. అందరం కలిసి. మెల్లిగా, లైట్లు వేసుకుని."

 కాసేపటికి ఇందాక కబురు చెప్పిన గొంతే బెరుగ్గా అంది. "చెప్పాం. మొహం పాలిపోయింది. సైకిలు తిప్పుకుని మీ వైపే వస్తున్నాడు. పడతాడేమో, అలా తొక్కుతున్నాడు."

తరవాతి మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన డెస్ కనిపించాడు. సైకిలు గడ్డిలో పడేసి ఉంది. హెల్మెట్ తీసి గుండెకు ఆనించుకుని, తల వంచుకుని, లైట్లు వేసుకుని మెల్లిగా పోయే శవయాత్ర కార్లకు దారి ఇచ్చే మనిషిలా నిలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నోలీన్ వెళ్ళి అతని బూట్ల ముందు బ్రేకు వేసింది.

"డెస్!"

అతను తలెత్తాడు. మొహమంతా తడిసి ఉంది.

"నువ్వు చచ్చిపోయావనుకున్నా" అన్నాడు.

"ఇంకా లేదు. అదలా ఉంచు. నేను మిట్టెక్కి రాగానే పారిపోతావేం?"

"నువ్వు రొప్పుతుంటే నిలబడి చూడ్డం బాగోదని. నీకు చిన్నతనంగా ఉంటుందని."

"నేనెప్పుడన్నానలా?"

"అనలేదు. నాకే అనిపించింది. పెళ్ళయినప్పటినుంచీ."

నోలీన్ సైకిలు దిగింది. "ఇవాళ బస్సులో ఇంటికి వెళ్ళిపోదామనుకున్నా."

డెస్ హెల్మెట్ పట్టీ పెట్టుకోబోయాడు. రెండుసార్లు కొక్కెం జారిపోయింది. చివరికి ఆమే పెట్టింది.

"వెళ్ళకు. పక్కనే తొక్కుతా" అన్నాడు.

"కాళ్ళ మీద పడి ఏడ్చాడర్రా! క్షమించేసింది!" థెల్మా రేడియోలో ప్రకటించింది. పదకొండు కారవాన్లూ ఒక్కొక్కటే హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి. రోడ్డు ఖాళీ అయింది.

ఇద్దరూ పక్కపక్కనే బయలుదేరారు. రెండో కిలోమీటరులో డెస్ నోరు విప్పాడు. "ఆ గేరు కాదు, చిన్నది వెయ్యి... మోకాళ్ళు లోపలికి ఉండాలి... నీళ్ళు తాగావా? అలా గటగటా కాదు... సీటు ఒక అంగుళం పైకి లేపమని ఇంటి దగ్గరే చెప్పానా లేదా?" ఆమె కోరుకున్నది ఇదే కాబట్టి పదకొండు కిలోమీటర్లు ఓపిగ్గా ఊ కొట్టింది. ఆఖరి వాలు మొదలయ్యేచోట మాత్రం బ్రేకుల మీద నుంచి మెల్లగా వేళ్ళు తీసేసింది.

"ఏయ్, మెల్లిగా! నా పక్కనే ఉండు!" అన్న డెస్ కేక గాలిలో పలచబడిపోయింది. ఎడమ వైపు సముద్రం, ముందు ఎవరూ లేని రోడ్డు.

ఒంటరితనం చాలా హాయిగా ఉంది.