హంతకుణ్ణి వెతకడం మానేసిన ఇన్‌స్పెక్టర్

హత్య జరిగిన ఇంటికి వెళ్ళి హంతకుడెవరని ఆరా తీయడం కన్నా సంస్కారం లేని పని ఈ లోకంలో మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం! ఆ ఇంట్లోవాళ్ళు అసలే దుఃఖంలో ఉంటారు. అలాంటి సమయంలో వెళ్ళి, నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు, ఆయన్ని ఆఖరుసారి ఎప్పుడు చూశారు అని వాళ్ళ ప్రాణాలు తోడేయడం ఏం మర్యాద చెప్పండి?

ఇంత చిన్న సంగతి బోధపడటానికి మా ఇన్‌స్పెక్టర్ స్ట్రోబెల్‌కి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆలస్యమైతేనేం, బోధపడింది. ఇప్పుడాయన హంతకుల జోలికి పోవడం లేదు.

స్ట్రోబెల్ అంటే మా ఊరి నది పేరు మీద వచ్చే ‘నెక్కర్ గట్టు’ అనే టీవీ సీరియల్లో ఇన్‌స్పెక్టర్. ఆదివారం సాయంత్రం వార్తలు అయిపోగానే వస్తాడు. ఆ వేళకి మా స్టుట్‌గార్ట్‌లో ఎవరింటికీ ఫోన్ చేయకూడదు. చేశారా, ఆ స్నేహం అంతటితో సరి. కొందరు ఇళ్ళలో దుప్పటి కప్పుకుని చూస్తారు. మా వీధివాళ్ళం మాత్రం గుడ్రున్ నడిపే చిన్న పబ్‌లో చేరతాం. కడుపులో బంగాళాదుంపల సలాడ్, చేతిలో గ్లాసు, ఎదురుగా శవం. ఆదివారానికి ఇంతకన్నా ఏం కావాలి?

అక్కడ మాకొక ఆచారం ఉంది. కథ సగానికి రాగానే గుడ్రున్ గరిటెతో ఖాళీ సీసా మీద టంగుమని కొడుతుంది. అందరూ గ్లాసు కింద పెట్టుకునే అట్టముక్క వెనక హంతకుడి పేరు రాసి ఆమెకివ్వాలి. సరిగ్గా రాసినవాళ్ళకి ఆ పూట తిన్నది ఉచితం. ఉచితం అనే మాట వింటే ఈ ఊరివాళ్ళ మొహాలు ఎలా వెలిగిపోతాయో నేను ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అంతమందినీ వెనక్కి నెట్టి ఎక్కువసార్లు గెలిచేది ఎబర్‌హార్ట్ క్నోడ్లర్.

క్నోడ్లర్ రిటైరైన ట్రామ్ డ్రైవర్. భార్య పోయాక పై వీధిలో, మూడో అంతస్తులో ఒక్కడే ఉంటున్నాడు. మిగతా వారమంతా ఎవరితో మాట్లాడతాడో మాలో ఎవరికీ తెలియదు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందొచ్చి కూర్చుంటాడు. ఆయన కిటుకు ఒకటే. అందరూ అనుమానితుల మొహాలు చూస్తుంటే, ఈయన ధ్యాసంతా చచ్చిపోయిన మనిషి మీదే. “ఆ పిల్ల వంటింట్లో రెండు కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి, చూశారా? ఒంటరిగా ఉండే మనిషికి రెండు కప్పులెందుకు?” అని గొణుక్కుంటాడు. మేమెవరం ఆ కప్పులు చూసి ఉండం.

పాత రోజుల్లో స్ట్రోబెల్ కూడా అలాంటివాడే. నలిగిన వానకోటొకటి తగిలించుకుని మెట్లెక్కేవాడు. కాలింగ్ బెల్ నొక్కేవాడు. “పక్కింటాయన్ని ఆఖరుసారి ఎప్పుడు చూశారండీ?” అనేవాడు. పై అంతస్తుకి వెళ్ళి మళ్ళీ బెల్లు, మళ్ళీ అదే ప్రశ్న. గంటన్నర కథలో సగం కాలింగ్ బెల్లులే! ఎంత విసుగో మీరే ఊహించుకోండి. ఆయనకి పెళ్ళయిందో లేదో కూడా మాకు తెలియదు. చివర్లో హంతకుడు దొరికేవాడు, స్ట్రోబెల్ చక్రాల బండి మీది సాసేజ్ కొట్టు దగ్గర నిలబడి ఒకటి తినేవాడు, అంతే. దీన్ని కళ అంటారా?

అదృష్టవశాత్తూ సీరియల్‌కి వయసొచ్చింది.

ముందు స్ట్రోబెల్‌కి ఒక తల్లి పుట్టుకొచ్చింది. ఆ తర్వాత కుక్క, కుక్క తర్వాత విడాకులు. విడాకులు బాగా పండాయని కాబోలు, ఎక్కడినుంచో ఒక తమ్ముణ్ణి తెచ్చి వాడికి మత్తుమందుల వ్యాపారం అంటగట్టారు. కూతురు కిడ్నాప్ అయింది. మళ్ళీ అయింది. ఆ పిల్ల స్కూలు నుంచి నేరుగా ఇంటికొచ్చిన రోజు ఇప్పటిదాకా మేం చూడలేదు.

ఇంకో వింత చూడండి. పూర్వం ఊళ్ళో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు హత్యకు గురయ్యేవారు. ఇప్పుడు చచ్చిపోయే ప్రతి మనిషీ స్ట్రోబెల్‌కి చిన్ననాటి స్నేహితుడో, పళ్ళ డాక్టరో, మాజీ అత్తగారో అయి తీరాలి. ఒకసారి ఆయనతో కరచాలనం చేశారా, మీ ఆయుష్షు ఆ సీజన్ దాటదు! హంతకుడు దొరక్కపోయినా ఫరవాలేదు, శవం మీది దుప్పటి తొలగించగానే స్ట్రోబెల్ గుండె మాత్రం ముక్కలవ్వాలి.

వెలుతురు సంగతి సరేసరి. పూర్వం హత్యలు పట్టపగలు, మనకి కనపడేలా జరిగేవి. ఇప్పుడు తెర మీద అంతా అమావాస్య. మొన్నొక ఎపిసోడ్‌లో చాలాసేపటిదాకా గుడ్రున్ టీవీ పాడైందనే అనుకున్నాం. ఆమె నిచ్చెన వేసుకుని వెనకాల తీగలన్నీ కదిపింది. చీకట్లోంచి స్ట్రోబెల్ నిట్టూర్పు వినపడ్డాక గానీ కథ నడుస్తోందని మాకు తెలియలేదు.

పరుగులు కూడా తగ్గాయి. మోకాళ్ళు ఎవరికైనా మోకాళ్ళే కదా. దొంగ వెనకాల కుర్ర అసిస్టెంట్ పరిగెడుతుంటే ఇన్‌స్పెక్టర్ కారులో కూర్చుని వాళ్ళ నాన్నని తలుచుకుంటాడు. ఆ తలపోత ముగిసేసరికి ఎపిసోడ్ ముగుస్తుంది. కిందటి ఏడాది ఒకసారైతే హంతకుడెవరో చెప్పడమే మరిచిపోయారు! స్ట్రోబెల్ నది ఒడ్డున కూర్చుని సెల్లో అనే పెద్ద ఫిడేలు వాయిస్తుంటే పేర్లు పడిపోయాయి. మేమంతా కళ్ళు తుడుచుకుంటున్నాం.

“మరి చంపిందెవరు?” అన్నాడు క్నోడ్లర్.

పబ్ మొత్తం ఆయనకేసి గుర్రుగా చూసింది. మనిషి గుండె బద్దలై సెల్లో వాయిస్తుంటే అడగాల్సిన ప్రశ్నేనా అది?

ఈ గొడవ ఇలా కాదని డ్రైవింగ్ స్కూల్ నడిపే రూడిగర్ పోయిన శీతాకాలంలో ఒక సంస్కరణ ప్రతిపాదించాడు. రూడిగర్‌కి అన్ని విషయాల్లోనూ అభిప్రాయాలుంటాయి.

“ఇంకా ఈ హంతకుడి పందెం ఏంటండీ, తాతల కాలం నాటిది. శవపరీక్ష చేసే డాక్టరమ్మని స్ట్రోబెల్ ఈ వారం పెళ్ళికి అడుగుతాడా లేదా అని రాద్దాం. అసలు మనం చూసేది దానికోసమేగా,” అన్నాడు.

అందరం బల్లల మీద పిడికిళ్ళతో తట్టాం. ఇక్కడ చప్పట్లకి బదులు అదే. క్నోడ్లర్ ఒక్కడే తట్టలేదు. లేచి గుడ్రున్ దగ్గరికెళ్ళాడు.

“గుడ్రున్ గారూ, పెళ్ళి పందెం మీరు వేసుకోండి, కాదనను. హంతకుడి పందెం కూడా ఉండనివ్వండి. నాకు వారంలో ఉన్నది ఇదొక్కటే.”

“మీ ఒక్కరి కోసం పందెం ఎలా పెడతామండీ? ఎదురు పందెం కాసేవాళ్ళుండాలిగా,” అని నవ్వింది గుడ్రున్. మంచి మనిషే. ఆ రోజు రద్దీగా ఉంది, అంతే.

క్నోడ్లర్ ఆ రోజు కూడా హంతకుడి పేరే రాసిచ్చాడు. సరిగ్గానే రాశాడు. గుడ్రున్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మరుసటి ఆదివారం ఆయన రాలేదు.

ఇక్కడే పాఠకులు మా పరిణతిని గమనించాలి. పాత సీరియల్ పెంపకంలో పెరిగినవాళ్ళైతే ఏం చేసేవారు? ఎవరో ఒకరు మోటుగా పై వీధికి వెళ్ళి, మెట్లెక్కి, బెల్లు నొక్కేవారు. మేం అంత తొందరపడతామా? మేం ఆయన అంతరంగంలోకి తొంగిచూశాం!

“అలిగాడు. లోపల చాలా బాధ దాచుకున్న మనిషి. నేను ముందే పసిగట్టాను,” అన్నాడు రూడిగర్.

“భార్య చనిపోయిన నెల కదా ఇది. ఏకాంతం కావాలనిపించిందేమో,” అంది గుడ్రున్.

“తండ్రితో ఏదో తెగని లెక్క ఉండి ఉంటుంది,” అని నేనన్నాను. క్నోడ్లర్ తండ్రి గురించి నాకేమీ తెలియదు. అయినా ఈ మాట ఎవరి విషయంలోనైనా అతుకుతుందని స్ట్రోబెల్ పుణ్యమా అని నాకు తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం కూడా ఆయన రాలేదు. ఆయన కుర్చీలో రూడిగర్ తన కోటు పెట్టుకున్నాడు. ఆ పైవారం సీరియల్లో ఘోరం జరిగింది. స్ట్రోబెల్ కనపడకుండా పోయాడు! బ్లాక్ ఫారెస్ట్ అడవుల్లో ఎక్కడో మతిమరుపుతో తిరుగుతున్నాడు. అసిస్టెంట్లేమో నది ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు.

గుడ్రున్ ఉండబట్టలేకపోయింది. ఏప్రన్ అంచుతో కళ్ళొత్తుకుంటూ, “ఒక్కడే ఎక్కడున్నాడో, ఏం తిన్నాడో పాపం. వీళ్ళలో ఒక్కరికైనా వెళ్ళి వెతుకుదామని ఉండదా?” అంది.

నిజమే కదా, ఎంత రాతిగుండెలు అని అందరం తిట్టుకున్నాం. రూడిగర్ చలేస్తోందని కుర్చీలోంచి కోటు తీసి కప్పుకున్నాడు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట ఫ్లైడరర్ అనే పెద్దావిడ పబ్‌లోకి వచ్చింది. నేను పప్పు, నూడుల్స్ తింటున్నాను. ఆవిడ తలుపు దగ్గర కాళ్ళు తుడుచుకుని, గుడ్రున్ తుడిచిన బల్లని వేలితో ఓసారి రాసి చూసుకుని, అప్పుడు మాట్లాడింది.

“క్నోడ్లర్ కళ్ళజోడు ఇక్కడ వదిలేశాడట. ఆసుపత్రిలో పేపరు చదువుకోలేక ఇబ్బంది పడుతున్నాడు. ఉంటే ఇవ్వమ్మా.”

“ఆసుపత్రేంటండీ?” అంది గుడ్రున్.

ఫ్లైడరర్ ఆమెకేసి వింతగా చూసింది. “నువ్వు ఆయన్ని ఎప్పుడు చూశావేంటి ఆఖరుసారి?”

గుడ్రున్ గబగబా కౌంటర్ కిందనుంచి కళ్ళజోడు తీసిచ్చింది.

జరిగింది ఇది. ఆవిడా క్నోడ్లర్ ఉండే భవనంలోనే ఉంటుంది. ఈ ఊళ్ళో అపార్ట్‌మెంట్ మెట్లు ఊడ్చి తుడిచే పని వారానికొక ఇంటి వంతు. ఎవరి వంతైతే వాళ్ళ తలుపుకి చిన్న చెక్కపలక వేలాడుతుంది. శనివారం లోపల పని అయిపోవాలి. కాలేదంటే ఆ ఇంటివాళ్ళు తలెత్తుకుని తిరగలేరు. ఆయన పబ్‌కి రాని మొదటి ఆదివారానికి ముందు, ఆ వారం పలక క్నోడ్లర్ తలుపు మీద ఉంది. శనివారం మధ్యాహ్నమైంది. మెట్ల మీద ఇంకా బూట్ల మట్టి.

“ఇన్నేళ్ళలో ఒక్క వారం ఎగ్గొట్టిన మనిషి కాదు. ఒళ్ళు మండింది. దులిపేద్దామని పైకెళ్ళి బెల్లు కొట్టాను. పలకలేదు. కింద ఇంటివాళ్ళని అడిగాను, ఎప్పుడు చూశారని. నిన్నటినుంచీ చూడలేదన్నారు. పై ఇంటివాళ్ళదీ అదే మాట. తాళాలవాడిని పిలిపించాను. వంటింట్లో నేలమీద పడున్నాడు, తుంటి విరిగి. ఇంకొక్క పూట ఆగితే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు,” అంది ఫ్లైడరర్. కళ్ళజోడు సంచిలో వేసుకుని, “మెట్లు నేనే ఊడ్చాన్లే,” అని కూడా చెప్పింది.

ఆమెను నేనొక ప్రశ్న అడిగాను. ఆదివారం సీరియల్ చూస్తారా అని.

“మా ఇంట్లో టీవీ లేదు,” అంది.

చూశారా, అదీ సంగతి! టీవీ లేని మనిషికి సున్నితత్వం ఎలా అలవడుతుంది? ఎదుటివాడి ఏకాంతాన్ని గౌరవించడం తెలిస్తే అలా వెళ్ళి బెల్లు కొడుతుందా? ఆవిడ నాగరికంగా పెరిగి ఉంటే క్నోడ్లర్ ఈపాటికి మా అందరి చేత ఎంత చక్కగా అర్థం చేసుకోబడి, పూలతో, సెల్లోతో సాగనంపబడి ఉండేవాడు!

ఇది రాస్తుంటే నా మీద నాకే చిరాకేస్తోంది. సరే, మిగతాది సూటిగా చెప్పేస్తాను.

మర్నాడు గుడ్రున్, నేను ఆసుపత్రికి వెళ్ళాం. ఆమె ఒక గిన్నె నిండా సూప్ చేసి తువ్వాలు చుట్టి తెచ్చింది. క్నోడ్లర్ మంచంలో చిక్కిపోయి ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, వీలుకాలేదు. పక్క మంచం అతను ఆదివారాలు టీవీలో ఫుట్‌బాల్ పెడుతున్నాడట. అందుకని మూడు వారాల కథ మమ్మల్ని చెప్పమన్నాడు క్నోడ్లర్.

గుడ్రున్‌కి ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ పెళ్ళికి కాదన్న సంగతి, కుక్కకి ఆపరేషన్ జరిగిన సంగతి, స్ట్రోబెల్ అడవిలో తప్పిపోయిన సంగతి గడగడా చెప్పింది. క్నోడ్లర్ ఓపిగ్గా విన్నాడు.

“బాగుంది. మరి చచ్చిపోయిందెవరు?”

గుడ్రున్ నాకేసి చూసింది. నేను కిటికీకేసి చూశాను. మూడు వారాలు, మూడు శవాలు, పబ్ నిండా జనం. ఒక్క పేరు గుర్తుకు రాలేదు. ఆడో మగో కూడా గుర్తుకు రాలేదు.

క్నోడ్లర్ కాసేపు దుప్పటి అంచు సవరించుకున్నాడు. తర్వాత చాలా మామూలుగా అడిగాడు.

“నేను రావట్లేదని ముందు ఎవరు గమనించారు, గుడ్రున్ గారూ?”

“అందరం,” అంది గుడ్రున్. “అందరం గమనించాం. మొదటి వారమే రూడిగర్ మీ ఇంటికి వద్దామన్నాడు కూడా.”

ముప్పై ఏళ్ళుగా, ఎవరు అబద్ధం చెబుతున్నారో పట్టుకోవడమే ఆదివారం పనిగా పెట్టుకున్న మనిషి ఆయన. గుడ్రున్ మొహంలోకి ఒకసారి చూశాడు. చెంచా తీసుకుని సూప్ తాగాడు. బాగుందన్నాడు, ఉప్పు సరిగ్గా సరిపోయిందన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ట్రామ్‌లో, గిన్నె అడుగున మిగిలినది నేను రుచి చూశాను. గుడ్రున్ కంగారులో ఉప్పు వేయడమే మరిచిపోయింది.