నీలి త్రికోణం ఎవరి వాటా

ఏ దేశాన్నైనా రెండుగా చేయవచ్చు. సైన్యాన్ని వరుసలో నిలబెట్టి, మధ్యలో చెయ్యి పెట్టి, ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు అంటే సరిపోతుంది. రైలుపెట్టెలను లెక్కపెట్టి విడదీయవచ్చు. రాయబార కార్యాలయాల్లో కుర్చీలను చీటీలు వేసి పంచుకోవచ్చు. మానవజాతి పంచుకోలేక చేతులెత్తేసిన ఉమ్మడి ఆస్తి ఒక్కటే ఉంది. అది జెండా. ఆ చిక్కును లోకంలో మొట్టమొదట విప్పినది మా మోక్రోవ్ పురపాలక కార్యాలయమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. విప్పడమంటే కుట్లు విప్పడమే.

పందొమ్మిది వందల తొంభై రెండు చివర్లో సంగతి. చెకొస్లోవేకియా అనే మా ఉమ్మడి దేశం డిసెంబరు ముప్పై ఒకటితో సరి, మర్నాటి నుంచి చెక్‌లు వేరు, స్లొవాక్‌లు వేరు అని పైవాళ్ళు తేల్చేశారు. (మమ్మల్ని అడగలేదు. అడిగితే ఆలస్యమయ్యేదట.) మొరావా నదికి ఇవతల చెక్‌ల వైపు మా మోక్రోవ్, అవతల స్లొవాక్‌ల వైపు హ్రాబ్కా. మధ్యలో వంతెన. నడిస్తే నాలుగు నిమిషాలు, మా ఆయనతో నడిస్తే పదకొండు.

మా ఆయన పేరు మతూష్. (మా ఆయన అని రాయడం ఇంకా కొత్త కాబట్టి అవసరం లేని చోట కూడా రాస్తాను.) తను హ్రాబ్కాలో పుట్టిన స్లొవాక్, అక్కడి ఊరి కార్యాలయంలోనే గుమాస్తా. నేను ఇక్కడి కార్యాలయంలో గుమాస్తాను. నవంబరులో మా పెళ్ళి జరిగింది. ఒకే పళ్ళెంలో ఒకే చెంచాతో సూప్ తాగాం. మా కాళ్ళ దగ్గర పింగాణీ పళ్ళెం పగలగొడితే, నేను చీపురు పట్టాను, తను చేట పట్టాడు. ముక్క మిగలకుండా ఎత్తిన జంట కలకాలం కలిసి ఉంటుందని మా వైపు నమ్మకం. ఆ ఊడ్చినదంతా ఉమ్మడి జెండా కిందే ఊడ్చాం. మోక్రోవ్‌లో నా గదికే వచ్చి కాపురం పెట్టాడు. తలుపు పక్కన తన బూట్లు కనిపిస్తే చాలు, నాకు ఆ రోజు సెలవు ఇచ్చినట్టు ఉండేది.

పెళ్ళయిన వారానికే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. అందులో రెండే వాక్యాలు. ఒకటి: చెక్‌లు స్లొవాక్‌లకు రెట్టింపు ఉన్నారు కాబట్టి, ఉమ్మడి చరాస్తిని రెండు పాళ్ళు, ఒక పాలు చొప్పున పంచాలి. రెండు: ఉమ్మడి జెండాను ఇకపై ఏ పక్షమూ వాడదు, ఇందుకు ఇరుపక్షాలూ చట్టపూర్వకంగా మాట ఇచ్చాయి.

వేరే ఊళ్ళలో ఈ రెండు వాక్యాలనూ విడివిడిగా చదివి ఫైల్లో పెట్టుకున్నారు. మా ఉత్సవాల, మంచు తొలగింపు విభాగం అధిపతి స్కోపల్ గారు రెండూ కలిపి చదివారు. జెండా ఒకటి తెప్పించి బల్ల మీద పరిచి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఇందులో రంగులెన్ని?"

"మూడండీ. తెలుపు, ఎరుపు, పక్కన నీలి త్రికోణం."

"మనకు రెండు, వాళ్ళకు ఒకటి." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "డెబ్భై ఏళ్ళ కిందట దీన్ని గీసినవాడికి అన్నీ తెలుసు. పంపకాలకు వీలుగా గీశాడు."

కార్యాలయంలో జెండాలు పద్నాలుగు. తెలుపు, ఎరుపు బట్ట మీద నీలి త్రికోణాలను కుట్టింది మా కుట్టు గది వ్లాస్తా పిన్ని. ఇప్పుడు ఊడదీసే పనీ ఆవిడకే పడింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు కుట్టాను," అంది పిన్ని బ్లేడు పట్టుకుని. "గాలివానలు వచ్చాయి, రష్యా వాళ్ళు వచ్చారు. కుట్టు ఊడిందని ఒక్కరూ నా దగ్గరికి రాలేదు."

"కాస్త వదులుగా కుట్టి ఉంటే ఇప్పుడు సులువయ్యేది పిన్నీ."

"దేశం ఇంత వదులుగా ఉందని నాకెవరైనా చెప్పి చచ్చారా?"

త్రికోణాలను అప్పగించుకోవడానికి హ్రాబ్కా నుంచి అధికార ప్రతినిధి వచ్చారు. మా ఆయనే. ఉదయం నేను ముడి వేసి పంపిన టై కట్టుకుని, నన్నెప్పుడూ చూడనట్టు నమస్కారం పెట్టి, జేబులోంచి టేపు తీశాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"ఇది మూడో వంతు కాదండీ," అన్నాడు స్కోపల్ గారితో. "జెండాలో నీలం నాలుగో వంతే ఉంది. మా వాటాకు పన్నెండో వంతు వెలితి."

స్కోపల్ గారు నా వంక తిరిగారు. "ఇతన్నేనా చేసుకున్నావు?"

"లెక్కల్లో గట్టివాడండీ."

"ముందే తెలిసి చేసుకున్నావన్నమాట."

మూడు సమావేశాల తర్వాత, ఆ పన్నెండో వంతుకు బదులు రెండు జెండా కొయ్యలు, ఐదు తాళ్ళు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. (గోడకు తగిలించిన కొయ్యలు చరాస్తి. నేలలో పాతినవి స్థిరాస్తి, ఎక్కడివి అక్కడే. ఒక కొయ్య గాలికి ఊగుతున్నందున దాని మీద నిర్ణయం వాయిదా పడింది.) ఆ సాయంత్రం ఇంట్లో గసగసాల రొట్టె కోస్తుంటే మా ఆయన టేపు తెచ్చాడు. పెద్ద ముక్క తనకే ఇచ్చాను. చరిత్రలో ఇంత సామరస్యంగా ఏ దేశమూ విడిపోలేదని అప్పుడు అనుకున్నాను.

త్రికోణాలు వెళ్ళిపోయాక మాకు మిగిలింది పైన తెలుపు, కింద ఎరుపు. స్కోపల్ గారు దాన్ని గుమ్మం మీద ఎగరేయించి, శుభ్రంగా ఉందన్నారు. రెండో రోజున పోలండ్ లారీ డ్రైవరు ఒకాయన లోపలికి వచ్చి, టోపీ తీసి, పాస్‌పోర్టు పోయింది, కొత్తది ఇప్పించండి అని కూర్చున్నాడు. ఇది పోలండ్ కార్యాలయం కాదని చెప్పాం. గుమ్మం బయటికి తీసుకెళ్ళి పైకి చూపించాడు. పైన తెలుపు, కింద ఎరుపు, అచ్చంగా పోలండ్ జెండా. టీ ఇచ్చి, ఫారం ఒకటి నింపించుకుని పంపాం. (ఇప్పటికీ ఆ ఫారం మా దగ్గర పెండింగులో ఉంది.)

జనవరి ఒకటిన మా ఆయన పరాయి దేశస్థుడయ్యాడు. నిద్ర లేచి చూస్తే అంతకు ముందు రోజు లాగే ఉన్నాడు. కానీ మా మోక్రోవ్ కార్యాలయం ఇలాంటి వాటిని చూపును బట్టి నిర్ణయించదు. పరాయి దేశస్థుడు మా ఊళ్ళో కాపురం ఉండాలంటే నివాస అనుమతి కావాలి. జనవరి ఇరవై తొమ్మిది శుక్రవారం దాకా తాత్కాలిక చీటీ ఇచ్చారు. ఆలోగా అనుమతి మీద సంతకం పడకపోతే మతూష్ హ్రాబ్కాలో వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆరు నెలలు పడుతుంది.

"సంతకమే కదండీ, పెట్టెయ్యండి," అన్నాను స్కోపల్ గారితో.

"పెడతాను. మన నిబంధన నీకు తెలుసు. దేశపు జెండా లేని గదిలో పెట్టిన సంతకం సంతకమే కాదు."

"జెండా ఉందిగా, తెలుపూ ఎరుపూ."

ఆయన కొత్త సర్క్యులర్ నా ముందుకు జరిపారు. నూతన చెక్ దేశానికి నూతన జెండా నిర్ణయమైందని అందులో ఉంది. నమూనా జత చేశారు. పైన తెలుపు, కింద ఎరుపు, పక్కన నీలి త్రికోణం.

స్కోపల్ గారు కుట్టు గదికి కబురు పెట్టారు. వ్లాస్తా పిన్ని నమూనాను వెలుగుకు పెట్టి చూసి, "కుట్టు నాదే," అంది.

పైనుంచి కొత్త జెండాలు మార్చిలో వస్తాయట. నీలి త్రికోణాలు పద్నాలుగూ రసీదు మీద హ్రాబ్కాకు వెళ్ళిపోయాయి. రసీదు మీద సంతకం మా ఆయనది. ఆ సాయంత్రం వంతెన మీదే పట్టుకున్నాను.

"మతూష్, త్రికోణాలు ఏవి?"

నడక తగ్గించాడు. "మా రాజధాని బ్రాటిస్లావాకు రాశాం, ఏం చెయ్యమంటారని. స్లొవాక్ జెండాలో త్రికోణం లేదు, మాకు అక్కర్లేదు అన్నారు."

"అయితే ఆఫీసులోనే ఉన్నాయిగా."

"సాంస్కృతిక అవసరాలకు కేటాయించాం."

"అంటే?"

"అడుగు భాగం ఒక మీటరు, ఎత్తు ముప్పావు మీటరు. తలరుమాలుకు సరిగ్గా సరిపోయింది. ముసలమ్మల పాటల బృందానికి ఇచ్చేశాం. పద్నాలుగు మంది." గొంతు సవరించుకున్నాడు. "ఒకటి అమ్మకు వచ్చింది."

గురువారం సాయంత్రం అత్తయ్య ఇంటికి వెళ్ళాం. ఇర్మా అత్తయ్య గొర్రె జున్నుతో ఉండలు వండి పెట్టింది. తల మీద నీలి రుమాలు మెరుస్తోంది. నేను విషయం చెప్పేదాకా నవ్వుతూనే ఉంది.

"ముందు నా కొడుకును తీసుకుపోయావు. ఇప్పుడు నా తలరుమాలు కావాలా?"

"దేశం కోసం అత్తయ్యా."

"ఏ దేశం?"

"మాది."

"మీరే కోసి పంపారు కదే. మా రుమాలు మాకొద్దు అన్నవాళ్ళు ఇప్పుడు అదే పెట్టుకుని ఊరేగుతారా? ఇక వాడమని మాతో కలిసి మాట ఇచ్చి మరీ?"

దీనికి జవాబు చెప్పే అధికారం గుమాస్తా స్థాయిలో లేదు. ఇంకో ఉండ నోట్లో పెట్టుకున్నాను.

"అమ్మా," అన్నాడు మతూష్, "అది లేకపోతే నేను రేపటి నుంచి ఇక్కడే పడుకోవాలి. ఆరు నెలలు."

"పడుకో. నీ మంచం అలాగే ఉంది." తర్వాత నా మొహం చూసింది. నేను ఏడవలేదు, ఉండను మింగుతున్నాను, అంతే. కానీ గొంతులో పట్టింది. అత్తయ్య లేచి నీళ్ళు ఇచ్చి, వీపు మీద చరిచింది.

"వీడు చిన్నప్పుడు గురక పెట్టేవాడు," అంది. "ఇప్పుడూ పెడుతున్నాడా?"

"పెడతాడు."

"అయినా కావాలా?"

"కావాలి."

అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే విను. ఆదివారం భోజనాలు. రెండు ఆదివారాలు మీ ఇష్టం. మూడోది నా దగ్గర."

ఎదుటివాళ్ళు సర్క్యులర్ చదవకుండానే అదే నిష్పత్తికి రావడం నేను అప్పుడే చూశాను. ఒప్పుకున్నాను.

శుక్రవారం ఉదయం ముగ్గురం వంతెన దాటాం. కొత్తగా పెట్టిన సుంకాల గదిలో బోర్జివోయ్ ఉన్నాడు. పోయిన నెల దాకా ఇదే వంతెన మీద బస్సు నడిపినవాడు. ఒంటి మీద ఉన్నది తప్ప బట్ట ఏది తెచ్చినా ప్రకటించాలని అతని వెనక పలక ఉంది.

"ఇర్మమ్మా, తల మీద ఏమిటది?"

"రుమాలు."

"ఏ బట్ట?"

"నీలం బట్ట. నీ బస్సులో నలభై ఏళ్ళు ఎక్కాను, ఒక్కరోజైనా అడిగావా?"

"అప్పుడు నా దగ్గర ముద్ర లేదు," అన్నాడు బోర్జివోయ్ విచారంగా. వదిలేశాడు.

స్కోపల్ గారి గదిలో అత్తయ్య రుమాలు విప్పి వ్లాస్తా పిన్ని చేతిలో పెట్టింది. జనవరి చలి. తెల్లజుట్టు పలచగా బయటపడింది. అత్తయ్య దాన్ని చేత్తో సర్దుకుంటుంటే స్కోపల్ గారు చప్పుడు చెయ్యకుండా తన టోపీ తీసి ఇచ్చారు. పిన్ని కుట్టడం మొదలుపెట్టింది.

"ఇక్కడేదో మరక ఉంది," అంది.

"ప్లమ్ పళ్ళ జాము," అంది అత్తయ్య. "క్రిస్మస్ రోజు పడింది. ఉతికితే పోతుంది."

"ఈసారి ఎంత గట్టిగా కుట్టమంటారు?" అని పిన్ని స్కోపల్ గారిని అడిగింది.

ఆయన సర్క్యులర్ తిరగేసి చూశారు. అందులో ఆ సంగతి లేదు.

మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాలు ఉండగా జెండా గోడకెక్కింది. స్కోపల్ గారు లేచి నిలబడి, అనుమతి పత్రం మీద సంతకం పెట్టి, ముద్ర కొట్టారు. ఆ చప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. కార్యాలయ సమయంలో అది నిబంధనలకు విరుద్ధం. ఎవరూ రాసుకోలేదు.

బయటికి వస్తూ మతూష్ గుమ్మంలో ఆగాడు.

"స్కోపల్ గారూ, ఒక్క మాట. ఈ జెండా ఎవరం వాడమని రెండు వైపులా చట్టపూర్వకంగా మాట ఇచ్చాం కదా."

"ఇచ్చాం."

"మరి?"

స్కోపల్ గారు నన్నూ, అతన్నీ, తన టోపీ పెట్టుకున్న అత్తయ్యనూ ఓపిగ్గా చూశారు. "ఆ మాట ఇచ్చింది పాత దేశం, బాబూ. ఆ దేశమే ఇప్పుడు లేదు. లేని దేశం ముద్ర వేసి ఇచ్చిన మాట ఎవరినీ కట్టిపడెయ్యదు."

న్యాయంగానే ఉంది. మేము ఇంటికి వచ్చి, అనుమతి పత్రాన్ని ముఖ్యమైన కాగితాల సొరుగులో పెట్టబోయాం. అడుగున మా పెళ్ళి పత్రం ఉంది. నవంబరు నాటిది. ముద్ర పాత దేశానిది.

మా ఆయన దాన్ని బోర్లా తిప్పి, పైన నా ఉన్ని మేజోళ్ళు పెట్టి, సొరుగు మూసేశాడు.

"ఇది స్కోపల్ గారి కంట పడనివ్వకు," అన్నాడు.