ఆదివారం నాటకం ఎవరి మీద

హైదరాబాదులో ఆడే ప్రతి హాస్యనాటకమూ ఊళ్ళో బతికి ఉన్న ఎవరో ఒక మనిషి మీదే ఉండాలని నియమం వచ్చాక, సెలవు పూట ఏ నాటకానికి వెళ్ళాలో తేల్చుకోవడం పెళ్ళిసంబంధం కుదుర్చుకోవడం కన్నా కష్టమైపోయింది. నియమం మంచిదే. కల్పించి రాసినదానికి జనం నవ్వడం మానేశారని హాస్య శాఖవారు గమనించి, నిజం మనుషుల జీవితాలు సేకరించడం మొదలుపెట్టారు. ఎవరి జీవితం తీసుకున్నారో ఆ మనిషికి మాత్రం చెప్పరు. పేరు మారుస్తారు. అలవాట్లు మార్చరు, చెప్పులు కూడా మార్చరు.

అలాగని శాఖవారు దయలేని వాళ్ళేం కాదు. ప్రతి నాటకశాలలోనూ ఎడమవైపు ఒక పక్క తలుపు పెట్టించారు. చూస్తున్న నాటకం తన మీదేనని తెలుసుకున్న మనిషి గొడవ చేయకుండా అటునుంచి వెళ్ళిపోవచ్చు. బయట ఒక కుర్చీ, ఒక మంచినీళ్ళ కుండ ఉంటాయి. ఇన్నేళ్ళలో ఆ తలుపు ఏ నాటకశాలలోనూ తెరుచుకున్నది లేదు. దాని బందులకు నూనె రాయడానికి ఏటా నిధులు మాత్రం మంజూరవుతూనే ఉన్నాయి.

నిజాంపేటలో సాయిసుధ అపార్ట్‌మెంట్స్‌లో ఉండే మార్కండేయులికి ఆ తలుపంటే హడలు. ఆయన ఈసారి అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నాడు. పోటీ చేసే మనిషి ఓటింగుకు ముందు ఆదివారం అన్ని ఫ్లాట్లవాళ్ళనీ బస్సు కట్టించి హాస్యనాటకానికి తీసుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ. నాటకం ఎంచే పూచీ కూడా ఆయనదే. తీరా అది తన మీదే అయితే? బస్సు నిండా జనం తనని చూసి పొట్టలు పట్టుకుని నవ్వి, మర్నాడు లిఫ్టులో నమస్కారం పెడతారు. అంతకన్నా చావు నయం.

పోయినసారి పై అంతస్తు ముక్తేశ్వరరావుకు జరిగింది అదే. పొద్దున్నే పక్కింటివాళ్ళ పేపరు వాళ్ళకన్నా ముందు చదివేసి, మడత నలక్కుండా మళ్ళీ గుమ్మంలో పెట్టే మనిషి మీద నాటకానికి ఆయన అందరినీ తీసుకెళ్ళాడు. కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. చిత్తుగా ఓడిపోయాడు.

"ఎందుకు ఓడిపోయానో ఇప్పటికీ అంతుపట్టలేదండీ మార్కండేయులు గారూ," అన్నాడు మెట్ల దగ్గర కనిపించి. "నాటకం బ్రహ్మాండంగా ఉంది. ఎవడో కానీ, అలాంటి కక్కుర్తి మనుషులు కూడా ఉంటారా అనిపించింది."

ఆయన చంకలో ఎదురింటివాళ్ళ పేపరుంది. మార్కండేయులు జాలిపడి పైకి వచ్చేశాడు. తనకు మాత్రం అలా కాకూడదు. తాను జాగ్రత్తగల మనిషి.

ఆ వారం నాలుగు నాటకాలు ఆడుతున్నాయని పేపర్లో పడింది. మొదటిది గొడుగు మనిషి మీద. మార్కండేయులికి గొడుగుంది, అదీ ఎండాకాలం కూడా పట్టుకెళతాడు. కొట్టేశాడు. రెండోది, లిఫ్టు వచ్చేదాకా మీట నొక్కుతూనే ఉండే పెద్దమనిషి మీద. అది చదవగానే ఆయన బొటనవేలు దానంతటదే మడుచుకుంది. మూడోది, కూరలవాడు కొసరు కరివేపాకు వేసినా ఇంకో రెబ్బ తనే లాక్కునే మనిషి మీద. ఇలాంటివి శాఖవాళ్ళకి ఎవడు చెబుతున్నాడ్రా బాబూ అని ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి గొడుగు లేకుండా, మెట్లెక్కుతూ, కరివేపాకు వద్దని చెబుతూ తిరిగాడు. వాచ్‌మన్ వైపు అనుమానంగా చూశాడు. ఇస్త్రీ మనిషి నవ్వితే చొక్కాలు లెక్కపెట్టుకున్నాడు.

శాఖవాళ్ళు జీవితాలు ఎలా సేకరిస్తారో ఆయనకు తెలియకపోలేదు. ఏదో ఒక రిపేరు మనిషి వేషంలో ఇంటికొస్తారు. పోయినేడు మంచినీళ్ళ ఫిల్టరు బాగుచేస్తానని ఒకడొచ్చి, భోజనాలవేళ దాటేదాకా కదల్లేదు. మార్కండేయులు వాణ్ణి అప్పుడే పసిగట్టాడు. వాడున్నంతసేపూ హాల్లో సోఫాలో నిటారుగా కూర్చుని, అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని తిన్నాడు. వాడు వంటింట్లో ఆయన భార్య హైమావతి దగ్గరే ఉన్నాడు కాబట్టి వాడికి తన గురించి ఏమీ దొరికి ఉండదని ఆయన ధైర్యం.

ఇక మిగిలింది నాలుగోది. పేరు 'కూర్చుంటున్నా'. వివరం కనుక్కుందామని ఆయన స్వయంగా నాటకశాలకు వెళ్ళాడు. టికెట్ల కిటికీ దగ్గర ఒకావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఇది ఎవరి మీదమ్మా?"

"అది చెప్పొద్దు సార్. రూలు లేదు."

"పేరొద్దులే. మగాడా, ఆడమనిషా, అంత చెప్పు చాలు."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఆడామె మీద సార్. మొగాయన ఉండడు. ఉత్త గొంతే ఇనొస్తది."

మార్కండేయులికి ప్రాణం లేచొచ్చింది. ఆడమనిషి మీద నాటకం తన మీద ఎలా అవుతుంది? ఎందుకైనా మంచిదని మళ్ళీ అడిగాడు: "ఎవరైనా పక్క తలుపులోంచి వెళ్ళారా?"

"ఎవరు పోతరు సార్? అందరు పక్కోళ్ళ మీదే అనుకుంటరు."

ఇంటికొచ్చి భోంచేస్తూ ఈ సంగతి భార్యకు చెప్పాడు. వడ్డన అయిపోయింది. హైమావతి కంచం పెట్టుకుని కూర్చోబోతోంది.

"నాలుగోది ఖాయం చేశాను. ఏమంటావ్? ఏమే, ఆ మజ్జిగ ఇలా అందుకో."

ఆమె లేచి మజ్జిగ తెచ్చింది. "ఏదైతేనేం లెండి."

"ఏదైతేనేం ఏమిటి? ఏమన్నా విన్నావా? ఉప్పు."

ఉప్పూ వచ్చింది. "నాకేం తెలుసండీ," అంది హైమావతి. ఆమె ముఖంలో ఏమైనా దాస్తోందేమోనని మార్కండేయులు వేలు నాకుతూ పరీక్షగా చూశాడు. ఏమీ కనబడలేదు. ఆయన చెయ్యి కడుక్కుని తువ్వాలు అడిగి, తుడుచుకుని వెళ్ళాక, ఆమె ఇక కంచం జోలికి పోకుండా పొయ్యి దగ్గర నిలబడి, వేపుడు చేసిన మూకుట్లోనే అన్నం వేసి కలుపుకుని తినేసింది.

ఆదివారం బస్సు దిగి అందరూ హాల్లో కూర్చున్నారు. ముక్తేశ్వరరావు దంపతులు పక్కనే. తెర లేచింది. వేదిక మీద ఒక వంటగది. ఒకావిడ కంచంలో అన్నం పెట్టుకుని, కొంగు సర్దుకుని కూర్చోబోయింది. తెర వెనక నుంచి గొంతు: "ఏమే, ఉప్పు." ఆవిడ లేచింది. హాలంతా ఘొల్లుమంది. మళ్ళీ కూర్చోబోయింది. "నీళ్ళు." లేచింది. "నా కళ్ళజోడేదీ?" లేచింది. నాటకమంతా అంతే. వేదిక మీద ఏళ్ళు గడిచాయి, ఆవిడకు జుట్టు తెల్లబడింది, కంచంలో అన్నం ఎండి గట్టిపడింది. మోకాళ్ళు అరిగిపోయి, కూర్చోవడానికీ లేవడానికీ నడుమ సగం వంగి నిలబడిపోయింది. అక్కడైతే జనం కుర్చీల్లోంచి జారిపోయారు.

మార్కండేయులు అందరికన్నా గట్టిగా నవ్వాడు. గొడుగు లేదు, లిఫ్టు లేదు, కరివేపాకు లేదు. గండం గడిచింది. "ఆ గొంతువాడెవడో కానీ ఒట్టి వెధవండీ," అన్నాడు ముక్తేశ్వరరావుతో.

ఆఖరికి వేదిక మీది ఆవిడ కంచం పక్కకి నెట్టి, పొయ్యి దగ్గర నిలబడి మూకుట్లో అన్నం కలుపుకుంది. అప్పుడు హైమావతి లేచింది. ఎవరినీ తోసుకోకుండా వరస దాటి, ఎడమవైపు నడిచింది. పక్క తలుపు పెద్దగా కిర్రుమంది. నూనె నిధులు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

హాలంతా అటు తిరిగింది. నటి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మార్కండేయులు తల తిప్పి చూశాడు. నవ్వీ నవ్వీ గొంతు ఎండిపోయి ఉంది.

"ఏమే, ఎలాగూ లేచావు కదా. వచ్చేటప్పుడు కాసిని నీళ్ళు పట్రా."

జనం చప్పట్లు కొట్టి మరీ నవ్వారు. వేదిక మీద ఏదో మంచిది జరిగింది, తాను చూడలేదనుకుని మార్కండేయులూ నవ్వాడు. ఈలోగా ముక్తేశ్వరరావు భార్య లేచింది. వెనక వరసలో ఇంకో ఇద్దరు. ఆ తర్వాత వరసలకు వరసలే లేచాయి. టికెట్ల కిటికీ దగ్గరి ఆవిడ కంగారుగా లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"అరె, ఒక్కామె మీదే కదమ్మా రాసింది! గింత మంది ఎందుకు లేస్తున్రు? బయట ఒక్కటే కుర్సీ ఉంది!"

ఆ మాట అని, తలుపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, ఆవిడ కూడా వాళ్ళ వెంటే వెళ్ళిపోయింది. హాల్లో మగవాళ్ళు మిగిలారు. నాటకం ఆగలేదు. తలుపు అవతల నుంచి కాసేపు మాటలు, ఆ పైన ఒక్కసారిగా పెద్ద నవ్వు వినిపించాయి. మార్కండేయులు మొదటిసారి నవ్వు ఆపి, చెవి అటు పెట్టాడు.

తెర పడే వేళకు తలుపు మళ్ళీ కిర్రుమంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. అందరి చేతుల్లోనూ నీళ్ళ గ్లాసులున్నాయి.

మార్కండేయులు ఎన్నికలో గెలిచాడు. ఆయన మీద ఏ నాటకమూ లేదని నిజాంపేట అంతా నమ్మింది. ఆయనకే ఒక్కటి మింగుడుపడలేదు. గెలిచిన రాత్రి భోజనం దగ్గర అడిగేశాడు: "ఆ రోజు బయట అందరూ కలిసి దేనికే నవ్వారు?"

"ఏమో అండీ, గుర్తులేదు," అంది హైమావతి కంచం ముందుకు లాక్కుంటూ.

ఆయన ఆమెకేసి అనుమానంగా చూశాడు. ఆమె కూర్చోబోతోంది.

"ఏమే," అన్నాడు.

ఆమె లేచింది.